దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909 జూలై 15 - 1981 మే 9) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, సంఘసేవకురాలు. ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా ఆమె దేశమంతటా ప్రసిద్ధి చెందింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలు పూర్తిచేసి నర్సులుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా నిలదొక్కుకొనేందుకు తగిన మార్గాన్ని ఏర్పరచడం ఆమె చేసిన కృషిలో ముఖ్యమైన భాగం. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను, దానిని ఆనుకొని ఉన్న విద్యానగర్‌లోను ఆమె ప్రారంభించిన సంస్థకు చెందిన కళాశాల, అక్షరాస్యతా కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి. తార్నాక, రామంతాపూర్ పరిసరాల వారికి ఇవి సుపరిచితమైన సంస్థలు.

బాల్యం

దుర్గాబాయి రాజమండ్రిలో జన్మించింది. తండ్రి బి.వి.ఎన్.రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆమె బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. కలరా, ప్లేగు వంటి అంటువ్యాధులు ప్రబలినపుడు బంధువులే దగ్గరకు రావడానికి జంకే రోగులకు రామారావు సేవ చేసేవాడు. ఆ కాలంలో రోగుల సేవ వృత్తిగా కాక పుణ్యకార్యంగానో, విధిలేక చేసే పనిగానో పరిగణింపబడేది. తండ్రి చిన్న వయసులోనే మరణించినా, ఆయన సేవాభావం కుమార్తెపై చెరగని ముద్ర వేసింది. తల్లి కృష్ణవేణమ్మ కూడా కాంగ్రెసు కార్యకర్తగా జాతీయోద్యమంలో పాల్గొన్నది.

ఆనాటి ఆచారం ప్రకారం దుర్గాబాయికి ఎనిమిదవ ఏట ఒక జమీందారీ కుటుంబానికి చెందిన సుబ్బారావుతో వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగడానికి ఆమె అంగీకరించలేదు. ఈ నిర్ణయంలో తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. బాల్యవివాహం ఒక బాలిక చదువును, భవిష్యత్తును ఎలా అడ్డుకొంటుందో ఆమెకు స్వానుభవంతో తెలుసు. తరువాతి కాలంలో ఆమె రూపొందించిన అనేక పథకాలు సరిగ్గా ఇటువంటి స్త్రీలను ఉద్దేశించినవే.

జాతీయోద్యమం

పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని నిరసిస్తూ దుర్గాబాయి పన్నెండేళ్ళ వయసులోనే బడి మానివేసింది. స్వయంగా హిందీ నేర్చుకొని, ఇతర బాలికలకు, స్త్రీలకు నేర్పేందుకు బాలికా హిందీ పాఠశాలను నడిపింది.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయనను ప్రత్యేకంగా కలుసుకొనే అవకాశం కల్పించాలని దుర్గాబాయి పట్టుపట్టింది. అందుకు నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధి సేకరించాలని షరతు పెట్టగా, ఆ బాలిక దానిని నెరవేర్చింది. సభకు వచ్చిన స్త్రీలు తమ నగలను కూడా సమర్పించారు. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని ఆమె తెలుగులోకి అనువదించింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన వద్ద స్వచ్ఛందసేవికగా ఉన్నపుడు, టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి అనుమతించకపోవడం ఆమె విధినిర్వహణకు ఉదాహరణగా నేటికీ చెప్పుకొంటారు.

1930లో మద్రాసులో జరిగిన ఉప్పు సత్యాగ్రహంలో ఆమె ముఖ్యపాత్ర వహించింది. 1930 - 1933 మధ్య మూడుసార్లు కారాగార శిక్ష అనుభవించింది. మధుర జైలులో ఏకాంతవాస శిక్ష ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. జైలులో కలిసిన స్త్రీఖైదీలలో చాలామంది నిరక్షరాస్యులు. తమపై మోపిన నేరమేమిటో, దానికి చట్టం ఏమి చెబుతున్నదో వారికి తెలియదు. విడుదలైన తరువాత క్రియాశీల రాజకీయాలకు దూరంగా ఉండి చదువు కొనసాగించాలని, న్యాయశాస్త్రం అభ్యసించాలని దుర్గాబాయి నిశ్చయించుకొనడానికి ఈ అనుభవమే కారణం.

విద్యాభ్యాసం

బడి మానివేసిన పదేళ్ళకు పైగా గడిచిన తరువాత ఆమె మళ్ళీ పుస్తకం పట్టింది. బెనారసు హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలైంది. ఆ తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదువదలచినపుడు ఒక ఆటంకం ఎదురైంది. ఆనాడు వాల్తేరులో విద్యార్థినులకు వసతిగృహం లేదు. ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి ఈ కారణం చూపగా, దుర్గాబాయి పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలన్న కోరిక ఉండి వసతి లేక ఆగిపోయిన మరికొందరు యువతులను సమీకరించింది. అందరూ కలిసి ఒక హాస్టలు ఏర్పాటు చేసుకొన్నారు. దానితో ఆమెకు ప్రవేశం లభించింది. 1939లో బి.ఏ. (ఆనర్స్) పట్టా పొందింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాద వృత్తి చేపట్టింది.

తెలివితేటలు, పట్టుదల ఉన్న స్త్రీ కూడా సురక్షితమైన వసతి లేనికారణంగా ఆగిపోవలసి వస్తుందని వాల్తేరు అనుభవం నిరూపించింది. హాస్టలు లేకుండా స్త్రీల విద్యగానీ, శిక్షణగానీ, ఉద్యోగంగానీ సాగదన్నది ఆ తరువాత ఆమె నెలకొల్పిన ప్రతి సంస్థలోను కనిపించే సూత్రం.

ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసులోని మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. పిల్లలకు హిందీ, ఆటపాటలు నేర్పే చిన్న బృందంగా మొదలైన ఈ కార్యక్రమం త్వరలోనే స్త్రీల విద్యాసంస్థగా మారింది. బాల్యవితంతువులు, భర్త వదిలివేసిన వారు, పేదరికం వలన చదువు మానిన వారు ఇందులో చేరి బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు చదువుకొనేవారు. పాఠశాలలో పదేళ్ళకు పైగా సాగే చదువును, వయసు వచ్చిన స్త్రీలు తగిన శ్రద్ధతో రెండేళ్ళలో పూర్తిచేయగలరని ఈ తరగతులు నిరూపించాయి.

మెట్రిక్యులేషన్ పూర్తయిన తరువాత ఆ స్త్రీలకు జీవనోపాధి కావాలి. ఉపాధ్యాయిని వృత్తి, నర్సు వృత్తి, చేతిపనులు ఆనాడు వారికి అందుబాటులో ఉన్న ప్రధాన మార్గాలు. కనుక సభ కార్యక్రమాలు క్రమంగా పాఠశాల, వసతిగృహం, చేతిపనుల కేంద్రం, నర్సింగ్ హోమ్, శిక్షణ తరగతులుగా విస్తరించాయి. మద్రాసులో సభ ఆధ్వర్యంలో ప్రసూతి, శిశు వైద్య సేవలు, తరువాత అంగవైకల్యం గల పిల్లల చికిత్సాకేంద్రం ఏర్పడ్డాయి. సభ తరఫున తెలుగులో 'ఆంధ్రమహిళ' అనే మాసపత్రిక కూడా వెలువడింది.

రాజ్యాంగ సభ

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. ఆ సభలోని 15 మంది మహిళా సభ్యులలో ఆమె ఒకతె. అధ్యక్షుని గైర్హాజరీలో సభను నడిపే అధ్యక్షవర్గంలో ఉన్న ఏకైక మహిళ ఆమెయే. స్టీరింగ్ కమిటీలోను సభ్యురాలిగా పనిచేసింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుండి 30 సంవత్సరాలకు తగ్గించాలన్న సవరణను ప్రతిపాదించింది. పిల్లలను, యువతను దోపిడీ నుండి కాపాడవలసిన బాధ్యతను, స్త్రీలకు ఆస్తిహక్కు అవసరాన్ని గట్టిగా సమర్థించింది. హిందుస్తానీని జాతీయ భాషగా చేయాలని కోరుతూనే, దక్షిణాది వారిపై దానిని బలవంతంగా రుద్దడాన్ని వ్యతిరేకించింది.

ప్రణాళికా సంఘం, వివాహం

1952లో ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలై సాంఘిక సేవల బాధ్యత చేపట్టింది. అదే సంఘంలో సభ్యుడు, అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి, రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరుగా పనిచేసిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను 1953 జనవరి 22న వివాహమాడింది. ఈ వివాహానికి ప్రధానమంత్రి నెహ్రూ ఒక సాక్షి.

1953లో చైనాలో పర్యటించి వచ్చిన తరువాత, కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండాలని ఆమె సూచించింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం ఆమె మరణానంతరం 1984లో వచ్చింది.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు

ప్రభుత్వ నిధులను, స్వచ్ఛంద సంస్థల అనుభవాన్ని కలిపి పనిచేయించే ఉద్దేశంతో 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దీనికి తొలి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఈ పనికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు.

1954లో బోర్డు గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలను ప్రారంభించింది. ఒక్కొక్క పథకం సుమారు 25 గ్రామాలకు, 20 నుండి 25 వేల జనాభాకు ఉద్దేశించబడింది. ప్రతి పథకంలో గ్రామసేవికలు, మంత్రసానులు, చేతిపనులు నేర్పే బోధకురాళ్ళు ఉండేవారు. బాలవాడి, గర్భిణులకు, బాలింతలకు, శిశువులకు సేవ, వయోజన స్త్రీల విద్య, చేతిపనులు ఇందులోని కార్యక్రమాలు.

పథకం కాగితంపై చక్కగా ఉన్నా, దానిని నడపడానికి మనుషులు దొరకలేదు. శిక్షణ పొందిన మంత్రసాని పల్లెకు రావడానికి ఇష్టపడేది కాదు. పల్లెలో పుట్టి పెరిగి, అక్కడే ఉండగలిగిన స్త్రీకి శిక్షణలో చేరడానికి కావలసిన చదువు లేదు. ఈ రెంటి మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడమే దుర్గాబాయి తదుపరి కృషికి కేంద్రమైంది.

నర్సుల కొరత - ఆనాటి పరిస్థితి

ఆ కృషి ప్రాధాన్యం తెలియాలంటే ఆనాటి నర్సుల పరిస్థితిని గమనించాలి. 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ లెక్కల ప్రకారం బ్రిటిషు ఇండియాలో దాదాపు 30 కోట్ల జనాభాకు సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే ఉన్నారు. అంటే సగటున 43,000 మందికి ఒక నర్సు. మంత్రసానులు సుమారు 5,000, అంటే 60,000 మందికి ఒకరు. ఉన్న కొద్దిమంది నర్సులు కూడా తక్కువ జీతంతో, తగిన వసతి లేకుండా, మోయలేని పనిభారంతో దయనీయమైన స్థితిలో పనిచేస్తున్నారని కమిటీ పేర్కొన్నది.

ఈ కొరతకు సామాజిక కారణాలు కూడా ఉన్నాయి. పరపురుషుల శరీరాన్ని తాకడం, రక్తాన్ని, మలమూత్రాలను శుభ్రం చేయడం, రాత్రివేళ ఇంటికి దూరంగా పనిచేయడం గౌరవప్రదం కాదని చాలా కుటుంబాలు భావించేవి. తెలుగునాట నర్సు శిక్షణకు తొలి రోజులలో క్రైస్తవ మిషన్ ఆసుపత్రులే ప్రధాన ఆధారం. గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్‌కు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రి ఇందుకు ఉదాహరణ. ఇతర వర్గాల స్త్రీలు ఈ వృత్తిలోకి రావడం చాలా నెమ్మదిగా జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, అంటే 1947లో, భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1951లో రెండేళ్ళ సహాయక నర్సు-మంత్రసాని (ఏ.ఎన్.ఎం.) శిక్షణ మొదలైంది. 1954లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్యమంత్రి ఏ.బి.శెట్టి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ నర్సుల సేవానిబంధనలను, జీతభత్యాలను సమీక్షించింది.

నర్సు పని సామర్థ్యాన్ని ప్రభావితం చేసే అంశాలు

నర్సు సమర్థంగా పనిచేయడం ఆమె సహనం, అంకితభావాల మీద మాత్రమే ఆధారపడి ఉంటుందని భావించడం పరిపాటి. వాస్తవానికి ఆమె చుట్టూ ఉన్న ఏర్పాట్ల ప్రభావం అంతకంటె తక్కువేమీ కాదు. ఆ అంశాలలో ముఖ్యమైనవి ఇవి:

విద్య, శిక్షణ: మందు మోతాదు లెక్కకట్టడం, ఉష్ణోగ్రత, నాడి నమోదు చేయడం, వైద్యుని ఆదేశాలను చదివి అర్థం చేసుకొనడం మొదలైన వాటికి పాఠశాల విద్య పునాది. పునాది బలహీనమైతే శిక్షణ కంఠస్థానికే పరిమితమవుతుంది.

రోగుల సంఖ్య: ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కొక్క రోగికి లభించే సమయం తగ్గుతుంది. పరిస్థితి విషమిస్తున్న లక్షణాలను సకాలంలో గుర్తించే అవకాశం కూడా తగ్గుతుంది.

పనివేళలు, నిద్ర: రాత్రి డ్యూటీలు, తరచుగా మారే షిఫ్టులు నిద్రను భంగపరుస్తాయి. నిద్రలేమి వలన ఏకాగ్రత తగ్గి పొరపాట్లు జరిగే ప్రమాదం ఉంది.

శారీరక శ్రమ, ఆహారం: రోగిని లేపడం, తిప్పడం, గంటల తరబడి నిలబడి నడవడం వలన నడుమునొప్పి, కాళ్ళనొప్పులు నర్సులలో సాధారణం. మన దేశపు స్త్రీలలో విస్తారంగా కనిపించే రక్తహీనత శ్రమను తట్టుకొనే శక్తిని మరింత తగ్గిస్తుంది.

వసతి, రాకపోకలు: ఆసుపత్రికి దగ్గరలో సురక్షితమైన నివాసం ఉంటే రాత్రివేళ ప్రయాణ భయం, అలసట తప్పుతాయి. దూరప్రాంతాల నుండి వచ్చిన అవివాహితలకు హాస్టలు తప్పనిసరి అవసరం.

పిల్లల సంరక్షణ: వివాహమైన నర్సులు పని మానివేయడానికి పసిపిల్లలను చూసుకొనే ఏర్పాటు లేకపోవడం ఒక ప్రధాన కారణం. పిల్లవాడిని ఎవరి వద్ద విడిచి వచ్చానన్న చింత ఉన్న తల్లి వార్డులో నిశ్చింతగా పనిచేయలేదు.

పరికరాలు, సహాయక సిబ్బంది: నీరు, శుభ్రమైన దుప్పట్లు, చేతితొడుగులు, సరిపడినంతమంది ఆయాలు లేనిచోట నర్సు సమయంలో అధికభాగం నర్సింగుకు సంబంధించని పనులకే ఖర్చవుతుంది.

గౌరవం, భద్రత: సమాజంలోను, వైద్యుల వద్దను, రోగుల బంధువుల వద్దను లభించే గౌరవం వృత్తిలో కొనసాగాలన్న కోరికను నిర్ణయిస్తుంది.

వీటిలో విద్య, వసతి, పిల్లల సంరక్షణ, సామాజిక గౌరవం అనే నాలుగు అంశాలు దుర్గాబాయి కార్యక్షేత్రంలోనివి. ఆమె నర్సు కాదు, వైద్యురాలు కాదు. అయినా నర్సులు ఆసుపత్రికి రావడానికి, వచ్చినవారు నిలబడడానికి ఆసుపత్రి గోడల వెలుపల కావలసిన ఏర్పాట్లను ఆమె సంస్థలు చేపట్టాయి.

సంక్షిప్త విద్యాకోర్సులు

1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సుల పథకాన్ని ప్రారంభించింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఇరవై ఏళ్ళుగా చేస్తూ వచ్చిన పనికి ఇది అఖిల భారత రూపం. కొద్దిగా చదివి మానివేసిన 20 - 35 ఏళ్ళ స్త్రీలకు, సుమారు రెండేళ్ళలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్యులేషన్ స్థాయి పరీక్షకు తయారుచేయడం దీని లక్ష్యం. ఈ తరగతులు నడిపే స్వచ్ఛంద సంస్థలకు బోర్డు ఆర్థిక సహాయం అందించింది.

ఈ పథకం విశిష్టత ఏమిటంటే, ఇది చదువును చదువు కోసమే కాక ఒక నిర్దిష్టమైన వృత్తికి మెట్టుగా చూసింది. రెండవ పంచవర్ష ప్రణాళికకు నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు పెద్దసంఖ్యలో కావాలి. మరొకవైపు వితంతువులు, నిరాధార స్త్రీలు జీవనోపాధి లేక బంధువుల ఇళ్ళలో ఒదిగి బ్రతుకుతున్నారు. దేశానికి ఉన్న అవసరాన్ని, ఈ స్త్రీలకు ఉన్న అవసరాన్ని దుర్గాబాయి ఒకదానితో ఒకటి ముడివేసింది. మిడిల్ స్కూలు గట్టెక్కిన స్త్రీకి సహాయక నర్సు-మంత్రసాని శిక్షణ, మెట్రిక్యులేషన్ గట్టెక్కిన స్త్రీకి నర్సు శిక్షణ, ఉపాధ్యాయ శిక్షణ అందుబాటులోకి వచ్చాయి.

పెద్ద వయసులో శిక్షణకు వచ్చే స్త్రీకి కొన్ని అనుకూలతలు ఉన్నాయి. పిల్లలను పెంచిన అనుభవం, ఇంట్లో రోగులకు సేవచేసిన అలవాటు, కష్టాలను తట్టుకొనే నిబ్బరం ఆమెకు ఉంటాయి. ఉద్యోగం ఆమెకు వివాహం వరకు కాలక్షేపం కాదు, జీవనాధారం. కనుక ఆమె వృత్తిలో స్థిరంగా కొనసాగే అవకాశం ఎక్కువ. అదే సమయంలో కుటుంబ బాధ్యతలు, చదువు మరచిపోయిన భయం, పరీక్షలో తప్పితే నలుగురిలో నవ్వులపాలవుతానన్న సంకోచం ఆమెకు ఆటంకాలు. హాస్టలులో ఉండి తనవంటి వారితో కలిసి చదువుకొనే ఏర్పాటు ఈ ఆటంకాలను చాలావరకు తగ్గించింది.

ఉద్యోగినుల వసతిగృహాలకు, పనిచేసే తల్లుల పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రాలకు కూడా బోర్డు సహాయం అందించింది.

స్త్రీ విద్యపై జాతీయ కమిటీ

1958లో భారత ప్రభుత్వం స్త్రీ విద్యపై జాతీయ కమిటీని నియమించి దుర్గాబాయిని అధ్యక్షురాలిగా చేసింది. 1959లో సమర్పించిన నివేదికలో బాలబాలికల విద్యల మధ్య ఉన్న అంతరాన్ని తొలగించడం ప్రత్యేక సమస్యగా గుర్తించాలని, వయోజన స్త్రీల చదువుకు తగిన ప్రాధాన్యం ఇవ్వాలని కమిటీ కోరింది. దీని ఫలితంగా ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

హైదరాబాదులో కృషి

చింతామణ్ దేశ్‌ముఖ్ 1962 నుండి 1967 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నాడు. ఆ కాలంలో దుర్గాబాయి ఢిల్లీలో సామాజికాభివృద్ధి మండలిని నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించింది. తరువాత దంపతులు హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డారు.

హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ కార్యక్రమాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాలు కేంద్రమయ్యాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహిళల ఆర్ట్స్, సైన్సు కళాశాల, అక్షరాస్యతా భవనం (లిటరసీ హౌస్) ఏర్పడ్డాయి. విద్యానగర్‌లో విశ్వవిద్యాలయానికి వెళ్ళే దారిలో ఉన్న సభ ఆసుపత్రి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందింది. నర్సు శిక్షణ, ఫిజియోథెరపీ విద్య కూడా దీనికి అనుబంధంగా ఏర్పడ్డాయి. తెలంగాణలోని శాఖ దుర్గాబాయి దేశ్‌ముఖ్ మహిళా సభ అనే పేరుతో పనిచేస్తున్నది.

పాఠశాల, కళాశాల, వసతిగృహం, ఆసుపత్రి, శిక్షణాలయం నడచి వెళ్ళేంత దగ్గరలో ఉండడం ఈ సంస్థల ప్రత్యేకత. అక్షరాలు దిద్దడానికి వచ్చిన స్త్రీ, వృత్తిశిక్షణ దాకా సాగడానికి అవసరమైన మెట్లన్నీ ఒకే సంస్థ నీడలో దొరకాలన్న దుర్గాబాయి ఆలోచన ఇక్కడ రూపుదిద్దుకొన్నది.

కృషికి పరిమితులు

దుర్గాబాయి పథకాలన్నీ సంపూర్ణ ఫలితం ఇచ్చాయని చెప్పలేము. గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలను కొన్నేళ్ళ తరువాత స్థానిక మహిళా మండళ్ళకు అప్పగించినపుడు, నిధులు చాలక అనేక కేంద్రాలు బలహీనపడ్డాయి. స్వచ్ఛంద సంస్థలు బలంగా ఉన్న ప్రాంతాలకు సహాయం ఎక్కువగా అందడం, అసలే వెనుకబడిన ప్రాంతాలకు తక్కువగా అందడం ఈ విధానంలోని లోపం.

నర్సుల విషయంలో కూడా ఆమె సంస్థలు ఒక భాగాన్ని మాత్రమే సరిచేయగలిగాయి. వార్డులో ఎంతమంది రోగులకు ఒక నర్సు ఉండాలి, వారానికి ఎన్ని గంటలు పనిచేయాలి, జీతం ఎంత ఉండాలి అన్నవి ప్రభుత్వాలు, ఆసుపత్రి యాజమాన్యాలు తేల్చవలసిన విషయాలు. 1987లో, తరువాతి కాలంలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షత వహించిన సరోజినీ వరదప్పన్ నాయకత్వాన నర్సింగ్ వృత్తిపై ఉన్నతాధికార కమిటీ ఏర్పడింది. అది 1989లో సమర్పించిన నివేదిక పనిగంటలు, సిబ్బంది సంఖ్య, నివాసవసతి, శిశు సంరక్షణ కేంద్రాలు మొదలైన అంశాలను చర్చించింది. భోర్ కమిటీ తరువాత నాలుగు దశాబ్దాలకు కూడా అవే సమస్యలు మళ్ళీ చర్చకు రావలసి వచ్చిందంటే, చదువుకొన్న స్త్రీలను వృత్తిలోకి తీసుకొనిరావడం ఎంత అవసరమో, వచ్చిన తరువాత వారి పనిభారాన్ని నియంత్రించడం కూడా అంతే అవసరమని తెలుస్తుంది. మొదటి పనిలో దుర్గాబాయి చూపిన దారి స్పష్టమైనది. రెండవది నేటికీ పూర్తికాని పని.

రచనలు

దుర్గాబాయి ఆత్మకథ 'చింతామణ్ అండ్ ఐ' ఆంగ్లంలో వెలువడింది. ఆంధ్ర మహిళా సభ చరిత్రను 'ద స్టోన్ దట్ స్పీకెత్' అనే గ్రంథంలో వివరించింది. భారతదేశంలో సాంఘిక సంక్షేమంపై ప్రణాళికా సంఘం ప్రచురించిన బృహద్గ్రంథం వెలువడడంలో కూడా ఆమె పాత్ర ప్రధానమైనది.

గౌరవాలు

భారత ప్రభుత్వం 1975లో ఆమెకు పద్మవిభూషణ్ పురస్కారం ప్రదానం చేసింది. అక్షరాస్యతా రంగంలో కృషికి నెహ్రూ సాక్షరతా పురస్కారం, జనాభా, అభివృద్ధి రంగాలలో కృషికి పాల్ జి. హాఫ్‌మన్ పురస్కారం లభించాయి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు హాస్టలు లేనందున ఆమెకు ప్రవేశం కష్టమైన విశ్వవిద్యాలయం అదే.

మరణం

దుర్గాబాయి 1981 మే 9న మరణించింది. మరుసటి సంవత్సరం 1982 అక్టోబరు 2న చింతామణ్ దేశ్‌ముఖ్ హైదరాబాదులో కన్నుమూశాడు.

ఇవి కూడా చూడండి

ఆంధ్ర మహిళా సభ
చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్
కట్టమంచి రామలింగారెడ్డి
ఉస్మానియా విశ్వవిద్యాలయం
భోర్ కమిటీ
భారత రాజ్యాంగ సభ

వర్గాలు: 1909 జననాలు, 1981 మరణాలు, స్వాతంత్ర్య సమరయోధులు, రాజ్యాంగ సభ సభ్యులు, సంఘసేవకులు, పద్మవిభూషణ్ పురస్కార గ్రహీతలు, తూర్పు గోదావరి జిల్లా ప్రముఖులు